ఒక తరగతి ముందుకు, ఒక ఊరు అవతలికి

మన ఇళ్లల్లో పెద్దవాళ్లు చదువుకున్న రోజుల ముచ్చట మొదలుపెడితే ఎక్కడో ఒకచోట ‘డబుల్ ప్రమోషన్’ అనే మాట వచ్చి తీరుతుంది. “మూడు చదువుతుంటే సారే చెయ్యి పట్టుకపోయి అయిదుల కూచోబెట్టిండు” అని తాతలు చెప్పుకుంటారు. అందులో కొంత గొప్ప ఉండొచ్చు. అయితే గొప్పతో పాటు ఒక కాలం కూడా ఉంది. పిల్లవాడి తెలివి చూసి, వాడు ఏ తరగతిలో కూర్చోవాలో ఒక బడిపంతులు తేల్చేసిన కాలం అది. ఇప్పుడు ఆ మాట దాదాపు వినపడదు. పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు కంప్యూటర్‌లోకి ఎక్కిన పిల్లను ఏ సారూ తనంతట తాను తీసుకుపోయి పై తరగతిలో కూర్చోబెట్టలేడు.

మాట పోయింది గానీ ప్రశ్న పోలేదు. తిమ్మాజిపేటలోనో, కొల్లాపూర్‌లోనో, లింగాలలోనో ఒక పిల్ల ఉంటుంది. మూడో తరగతి. సార్ బోర్డు మీద లెక్క రాయడం పూర్తయ్యేలోపు జవాబు చెప్పేస్తుంది. అక్క అయిదో తరగతి పుస్తకం తీసి భిన్నాలు తనే చేసుకుంటుంది. మిగతా పీరియడంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది. ఈ పిల్లను ఏం చేయాలి? పైకి జరపాలా, ఉన్నచోటే ఉంచాలా? అమెరికాలో అయితే దీనికి పుస్తకాలున్నాయి, సలహాదారులున్నారు. నాగర్‌కర్నూల్‌లో ఈ ప్రశ్నను ఇలా అడిగేవాళ్లు తక్కువ. ఇక్కడ అదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది: “నవోదయ రాయిస్తున్నారా?” “హైదరాబాద్‌లో హాస్టల్ల వేస్తరా?”

గమనిస్తే ఇది చిన్న మార్పు కాదు. వేగం గురించి అడగాల్సిన ప్రశ్న దూరం గురించిన ప్రశ్న అయిపోయింది. ఎలా అయిందో తెలియాలంటే రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

*

1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి తన జిల్లా బడుల మీద ఒక నివేదిక పంపాడు. ఏడేళ్ల ముందు, 1816లో, తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసి అచ్చువేయించిన మనిషే ఈయన. అప్పటి బళ్లారి జిల్లా తుంగభద్రకు దక్షిణాన తెలుగు, కన్నడ కలగలిసిన పెద్ద ప్రాంతం. నదికి ఈవల ఒడ్డున మన గద్వాల, అలంపురం సీమ. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని క్యాంప్‌బెల్ లెక్క తేల్చాడు. దాదాపు తొమ్మిది లక్షల ఇరవై ఎనిమిది వేల జనాభాకు అది చాలా తక్కువని వాపోయాడు.

ఆ బడులు ఎలా నడిచేవో కూడా రాశాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవారు: మెప్పూ లేదు, నిందా లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వరస పెరుగుతూ పోతుంది. మన విషయానికి పనికొచ్చేది దీని తర్వాతి వివరం. బడిలో మామూలుగా నాలుగు తరగతులుంటాయి. కింది తరగతుల్ని కొంతవరకు పెద్దపిల్లలే చూసుకుంటారు, పై తరగతుల్ని పంతులు చూస్తాడు. ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి పిల్లవాడు వెళ్లేది తన శక్తిని బట్టీ, తాను సాధించిన దాన్ని బట్టీ. అంతే. ఏడాది తిరిగిందా, వయసెంత అన్న లెక్క ఆయన చెప్పిన పద్ధతిలో లేదు.

అంటే ఎక్కాలు వచ్చేసినవాడు ఎక్కాల దగ్గర ఇంకో తొమ్మిది నెలలు కూర్చోనక్కర్లేదు. రానివాడు సిగ్గుపడనక్కర్లేదు, అక్కడే ఉండి నేర్చుకుంటాడు. ముందుకు పోయినవాడు వెనకున్నవాడికి చెప్తాడు. ఈ చివరి పద్ధతినే ఆండ్రూ బెల్ మద్రాసులో చూసి ఇంగ్లండుకు తీసుకుపోయాడు. అక్కడ దానికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరొచ్చింది.

వీధిబడిని పూజ చేయాల్సిన పనేమీ లేదు. ఆ బళ్లలో ఆడపిల్లలు దాదాపు లేరు. అంటరానితనం పేరుతో ఊరవతల ఉంచిన పిల్లలకు ఆ అరుగు మీద చోటే లేదు. పిల్లలు అర్థం తెలియకుండా పద్యాలు బట్టీ పడుతున్నారని క్యాంప్‌బెల్ కూడా విసుక్కున్నాడు. ఇవన్నీ నిజమే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి: పిల్లలందరూ ఒకే వయసుకు ఒకే లెక్క చేయాలన్నది ప్రకృతి ధర్మమేమీ కాదు. గ్రాంట్లు, ఇన్‌స్పెక్టర్లు, ఏడాది పరీక్షలు వచ్చాక వయసుకో బెంచీ, ఏడాదికో తరగతి స్థిరపడ్డాయి. ‘డబుల్ ప్రమోషన్’ అనేది ఆ గోడలో మిగిలిన చిన్న సందు.

*

ఆ సందులోంచి దూసుకుపోయినవాళ్లలో తెలుగు నేల మీద బాగా పేరున్న ఉదాహరణ సి.వి. రామన్. పుట్టింది తిరుచిరాపల్లిలో, 1888లో. నాలుగేళ్ల వయసులో తండ్రి ఉద్యోగరీత్యా విశాఖపట్నం వచ్చారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పేవారు. రామన్ 11 ఏళ్లకు మెట్రిక్యులేషన్, 13 ఏళ్లకు ఎఫ్.ఎ. పూర్తిచేసి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఎ.లో చేరారు. క్లాసులో ఆ చిన్న పిల్లవాణ్ణి చూసి ప్రొఫెసర్, నువ్వు నిజంగా ఈ క్లాసేనా అని అడిగారని చెప్తారు. బి.ఎ. అయ్యాక పై చదువులకు ఇంగ్లండు పంపాలనుకున్నారు. అక్కడి చలిని ఈ శరీరం తట్టుకోదని మద్రాసు సివిల్ సర్జన్ చెప్పడంతో ఆగిపోయారు. బుర్ర ముందుకు పోయినంత వేగంగా ఒళ్లు పోదని అప్పుడు ఒక డాక్టరు గుర్తుచేయాల్సి వచ్చింది.

రెండో మనిషి సి.ఆర్. రావు. 1920లో హూవినహడగళిలో పుట్టారు. తండ్రి పోలీసు శాఖలో పనిచేసేవారు, బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ, చివరకు విశాఖ. చిన్నప్పుడు తండ్రి ‘లీలావతి’ లెక్కల పుస్తకం ఇచ్చి రోజుకు కొన్ని చేయమనేవారని, తల్లి తెల్లవారుజామున నాలుగింటికే లేపి దీపం పెట్టి చదువుకోమనేదని రావు గారు స్వయంగా చెప్పుకున్నారు. తరగతిలో ఆయన ఎక్కడున్నా ఇంట్లో మాత్రం లెక్కలు తన వేగంతో సాగాయి. గణితశాస్త్రానికి ఆయన చేసింది ప్రపంచానికి తెలుసు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు.

మూడో మనిషి పేరు నేటి చదువరుల్లో చాలామందికి తెలియదు. లక్కోజు సంజీవరాయశర్మ. కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో 1907లో పుట్టారు, పుట్టు గుడ్డి. బడిలో చేర్చుకునేవాళ్లు లేరు. అక్క ఇంట్లో పాఠాలు గట్టిగా చదువుతుంటే విని నేర్చుకున్నారు. పెద్దయ్యాక గణితావధానాలు చేశారు. వయొలిన్ వాయిస్తూ, అడిగిన పెద్ద పెద్ద లెక్కలకు అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు. రెండును 103 సార్లు వేసి గుణిస్తే ఎంతని అడిగితే ఆ 32 అంకెల సంఖ్యను వరసగా చెప్పేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊరూరా సభలు జరిగాయి, శాలువాలు కప్పారు. ఆ బుర్రకు తగిన బడిని మాత్రం ఆనాటి సమాజం ఇవ్వలేకపోయింది. చప్పట్లు మాత్రం ఇచ్చింది.

ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలివి ఎంతన్నది ఒక్కటే లెక్కలోకి రాదని తెలుస్తుంది. రామన్‌కు ఇంట్లోనే కాలేజీ ఉంది. రావుకు పుస్తకం కొనిచ్చే తండ్రి, నాలుగింటికి లేపే తల్లి ఉన్నారు. శర్మకు పాఠం చదివే అక్క ఒక్కతే ఉంది. పిల్లను ముందుకు జరపాలా అని అడిగేముందు, జరిపిన చోట ఆమెను పట్టుకోవడానికి ఎవరున్నారని అడగాలి. వేగంగా లెక్క చేయగలిగిన పిల్లను నలుగురి ముందు నిలబెట్టి ‘17 ఇంటూ 23 ఎంత?’ అని అడిగే అలవాటు మనకు ఇంకా పోలేదు. అది ఆ పిల్లను ముందుకు తీసుకుపోవడం కాదు. ఉన్నచోటే నిలబెట్టి చూడటం.

*

ఇక మన పాలమూరుకు వద్దాం. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ఇప్పుడు వేర్వేరు జిల్లాలు గానీ, మొన్న 2016 అక్టోబర్ దాకా ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోవే. నిజాం కాలంలో సర్కారు బడి అంటే ఉర్దూ బడి. తెలుగులో చదవాలంటే ఖాన్గీ బడే దిక్కు, ఆ బడి పెట్టడానికీ సర్కారు అనుమతి కావాలి. ఇంట్లో తెలుగు, బళ్లో ఉర్దూ, ఊళ్లో లెక్క రాసేది ఇంకో పద్ధతి. అట్లాంటి చోట లెక్కల్లో ఎవరు ముందున్నారో చూసేదెవరు? ఆ వెనకబాటు ఎంత దూరం వచ్చిందో చూడండి: 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం దగ్గరే ఆగింది. ఇప్పటి తెలంగాణ జిల్లాలన్నింట్లో అప్పటికి అదే అడుగున ఉంది.

అయినా ఈ ప్రాంతపు బడుల్లో ఒక విచిత్రం ఉంది. ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకే గది, ఒకే సారు, అయిదు తరగతులు. విద్యాశాఖ దృష్టిలో అది లోటు, నిజంగానే లోటు. కానీ ఆ గదిలో రెండో తరగతి వరసలో కూర్చున్న పిల్ల చెవిన అయిదో తరగతి పాఠం పడుతుంది. సారు అటు భాగహారం చెప్తుంటే ఇటు కూడికలు ముగించిన పిల్ల అటు తిరిగి వింటుంది. ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు, ఎవరూ పరీక్ష పెట్టలేదు. క్యాంప్‌బెల్ చూసిన పాత పద్ధతి, పేదరికం పుణ్యమా అని, ఆ గదిలో ఏదో ఒక మూల బతికే ఉంది.

వయసు సంగతీ అంతే. బడిలో చేర్చేరోజు సారు అందాజాగా వేసిన పుట్టినరోజుతో బతికేస్తున్నవాళ్లు మనలో ఎంతమంది లేరు? ఒక ఊళ్లో సగం మంది జూన్ నెలలోనే పుట్టినట్టు రిజిస్టర్లు చెప్తాయి. ఆ అందాజా మీద ‘వయసుకు తగిన తరగతి’ అనే పెద్ద సూత్రం నిలబడి ఉంది.

*

1971 సంవత్సరం దగ్గర కాసేపు ఆగుదాం. ఆ ఏడాది శరత్కాలంలో అమెరికాలోని బాల్టిమోర్‌లో జూలియన్ స్టాన్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో, గణితంలో అసాధారణంగా ముందున్న పిల్లల మీద ఒక అధ్యయనం మొదలుపెట్టాడు. దానికి రెండేళ్ల ముందు జోసెఫ్ బేట్స్ అనే 13 ఏళ్ల పిల్లవాడిని ఆయన చొరవతో నేరుగా యూనివర్సిటీలో చేర్చుకుంటే, వాడు నెగ్గుకొచ్చాడు. 1972 మార్చిలో స్టాన్లీ 12, 13 ఏళ్ల పిల్లలు 400 మంది పైచిలుకుకు ఒక పరీక్ష పెట్టాడు. అది వాళ్ల తరగతి పరీక్ష కాదు, కాలేజీలో చేరబోయేవాళ్లు రాసే శాట్ పరీక్ష.

ఎందుకలా? తన తరగతి పరీక్షలో నూటికి నూరు వచ్చిన పిల్లలు పదిమంది ఉంటే, వాళ్లందరూ ఒకటే అని ఆ పరీక్ష చెప్తుంది. కానీ ఒకరికి ఆ నూరే హద్దు, ఇంకొకరు దానికి ఎంతో పైన ఉన్నారు. జానెడు కర్రతో బావి లోతు కొలిస్తే అన్ని బావులూ జానెడే. పై తరగతి పరీక్ష పెడితేనే తేడా బయటపడుతుంది. ఆ అధ్యయనంలోని పిల్లలను తర్వాత దశాబ్దాల పాటు గమనించారు. ముందుకు జరిపినందువల్ల మొత్తం మీద వాళ్ల మనసు దెబ్బతిన్న దాఖలా కనిపించలేదు. అయితే వాళ్లవి అమెరికన్ ఇళ్లు, అమెరికన్ బళ్లు అన్నది మరిచిపోకూడదు.

అదే 1971లో, నవంబర్ 23న, అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్ అనే ఊళ్లో ఒక గురుకుల పాఠశాల తెరుచుకుంది. రెండు నెలల క్రితమే ముఖ్యమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఆలోచన అది. పల్లెల్లో తెలివైన పేదపిల్లలను పరీక్ష పెట్టి ఎంచి, ఫీజు లేకుండా ఒకచోట ఉంచి మంచి చదువు చెప్పించాలని. బాల్టిమోర్‌లో, సర్వేల్‌లో ప్రశ్న ఒకటే: ముందున్న పిల్లను ఏం చేయాలి? జవాబులు వేరు. అక్కడ పిల్లను పై క్లాసుకు జరిపారు. ఇక్కడ మంచి బడి ఉన్న ఊరికి జరిపారు.

పి.వి. ఆ ఆలోచనను ఢిల్లీ దాకా మోసుకెళ్లారు. 1985లో కేంద్రంలో మానవ వనరుల శాఖ మంత్రి అయ్యారు. మరుసటి ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం, ప్రత్యేకమైన ప్రతిభ ఉన్న పిల్లలు మరింత వేగంగా ముందుకు సాగే అవకాశం ఉండాలని, అది తల్లిదండ్రుల ఆర్థిక స్తోమత మీద ఆధారపడకూడదని రాసుకుంది. ‘వేగం’ అన్న మాట ఆ పత్రంలో ఉంది. దాన్ని అమలు చేయడానికి పుట్టినవే నవోదయ విద్యాలయాలు. ఉమ్మడి మహబూబ్‌నగర్‌కు వచ్చిన నవోదయ మన నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలం వట్టెంలోనే ఉంది.

ఇప్పుడు నవోదయ లోపలికి వెళ్లి చూడండి. ఆరో తరగతిలో చేరిన పిల్ల ఆరు చదువుతుంది, తర్వాత ఏడు, తర్వాత ఎనిమిది. మంచి టీచర్లుంటారు, లైబ్రరీ ఉంటుంది, మూడు పూటలా అన్నం ఉంటుంది. తొమ్మిదిలో కొంతమంది హిందీ రాష్ట్రపు నవోదయకు వెళ్లి ఏడాది చదివి వస్తారు. ఇవన్నీ గొప్ప విషయాలే. ఈ బడి వల్ల ఎన్ని ఇళ్ల రాత మారిందో లెక్కే లేదు. కానీ విధాన పత్రంలో రాసిన వేగం అక్కడికి చేరలేదు. అది దారిలో దూరంగా మారిపోయింది. పిల్ల ఒక్క తరగతి కూడా ముందుకు జరగలేదు, ఇల్లు మాత్రం వెనకబడిపోయింది.

ప్రవేశ పరీక్ష సంగతి కూడా చూడాలి. 80 ప్రశ్నల్లో 20 అంకగణితం. అన్నీ అయిదో తరగతి పిల్లలు చేయగలిగినవే. బడికి సీట్లు 80, వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు. ఒక పిల్ల జీవితంలో ఒక్కసారే రాయాలి, తప్పితే మళ్లీ లేదు. అందుకే మూడో తరగతి నుంచే కోచింగ్ మొదలవుతుంది. అయిదో తరగతి లెక్కల్ని రెండేళ్ల పాటు, నిమిషానికో లెక్క చొప్పున చేయించడం. ఎనిమిదో తరగతి లెక్కలు చేయగల పిల్ల ఆ రెండేళ్లూ అయిదు దగ్గరే గుండ్రంగా తిరుగుతుంది. స్టాన్లీ వద్దన్న జానెడు కర్ర ఇదే.

*

ప్రైవేటు వైపు చూస్తే ఇంకో రకం. హైదరాబాద్‌లో ‘ఐఐటీ ఫౌండేషన్’, ‘ఒలింపియాడ్ బ్యాచ్’ అనే పేర్లు ఆరో తరగతి నుంచే వినపడతాయి. ఆరులో ఎనిమిది సిలబస్, ఎనిమిదిలో పది సిలబస్. పైకి చూస్తే ముందుకు జరపడం లాగే ఉంటుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ పిల్ల ముందుకు పోవడం లేదు, సిలబస్ వెనక్కి వచ్చి పిల్ల మీద పడుతోంది. బ్యాచ్‌లో నలభై మందీ అదే వేగంతో పోవాలి. తయారుగా ఉన్నవాళ్లూ పోవాలి, లేనివాళ్లూ పోవాలి. పిల్లను బట్టి వేగం మార్చడానికి పుట్టిన ఆలోచన, వేగానికి తగినట్టు పిల్లను మార్చే వ్యాపారమైంది. నాగర్‌కర్నూల్ నుంచి పొలం అమ్మో, అప్పు తెచ్చో పదేళ్ల పిల్లను అక్కడి హాస్టల్లో వేసే తండ్రికి ఈ తేడా ఎవరూ చెప్పరు.

మరి తెలంగాణలో నిజమైన డబుల్ ప్రమోషన్ ఎక్కడా జరగలేదా? జరిగింది. మనం దాన్ని ఆ పేరుతో పిలవలేదు. గద్వాల వైపు సీడ్ పత్తి చేలు గుర్తున్నాయా? సాయంత్రం మొగ్గల్లోంచి పుప్పొడి తీసేయాలి, మర్నాడు పొద్దున మగపువ్వుతో ఒక్కో పువ్వుకూ అద్దాలి. ఈ ‘క్రాసింగ్’ పనిలో ఎక్కువమంది బడి మానేసిన ఆడపిల్లలే ఉండేవారు. ఇంకోవైపు వలస. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు లేబర్ ఉండేవారు, వాళ్ల వెంట పిల్లలూ ఉండేవారు.

అలాంటి పిల్లల కోసం శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ 1990ల నుంచి రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టి బ్రిడ్జి క్యాంపులు పెట్టింది. పదేళ్లు, పన్నెండేళ్లు వచ్చినా అక్షరం రాని పిల్లలు అక్కడ కొన్ని నెలల నుంచి ఏడాదిన్నర లోపు నాలుగైదు తరగతుల చదువు ముగించి, తమ వయసు పిల్లలతో పాటు నేరుగా పై తరగతుల్లో చేరారు. ఇది వేగం కాక మరేమిటి? వాళ్లను ‘బాలమేధావులు’ అని ఎవరూ అనలేదు, పేపర్లో ఫొటోలు వేయలేదు. తయారుగా ఉన్న పిల్ల, దగ్గరుండి చెప్పే మనిషి దొరికితే అయిదేళ్ల చదువుకు అయిదేళ్లు అక్కర్లేదని మాత్రం వాళ్లు నిరూపించారు.

2010 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ఈ అనుభవానికి చట్టరూపం లాంటిది. బడికి రాని పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, మిగతావాళ్లను అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది. వెనకబడ్డ పిల్లకు అది గొప్ప హక్కు. ముందున్న పిల్ల గురించి ఆ సెక్షన్ మాట్లాడదు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతిభ గల పిల్లల కోసం గణిత సర్కిళ్లు, సబ్జెక్టు క్లబ్బులు ఉండాలంది. మంచి మాటే. బోర్డు మీద లెక్క పూర్తికాకముందే జవాబు చెప్పే లింగాల పిల్లకు ఆ సర్కిల్ ఎంత దూరంలో ఉంటుందన్నదే మళ్లీ ప్రశ్న.

*

ఇంతకీ ఆ పిల్లను ఏం చేయాలి? చరిత్ర ఆర్డర్లు వేయదు గానీ కొన్ని దారులు చూపిస్తుంది.

టెరెన్స్ టావ్ కథ ఇక్కడ పనికొస్తుంది. 1975లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టాడు. ఎనిమిదేళ్లకే హైస్కూలులో లెక్కల క్లాసులకు, ఆ తర్వాత యూనివర్సిటీ క్లాసులకు వెళ్లాడు. కానీ అన్ని సబ్జెక్టులకూ కాదు. లెక్కలు ఒక తరగతిలో, మిగతావి ఇంకో తరగతిలో. పూర్తిగా యూనివర్సిటీలో చేర్చడానికి తల్లిదండ్రులు అతనికి 14 ఏళ్లు వచ్చేదాకా ఆగారు. 2006లో అతనికి ఫీల్డ్స్ మెడల్ వచ్చింది. అంతటి మేధ మనందరి పిల్లలకూ ఉండదు. కానీ ఆ పద్ధతికి పెద్ద మేధ అక్కర్లేదు: ఏ సబ్జెక్టులో ముందుందో ఆ ఒక్క సబ్జెక్టులో ముందుకు పోనివ్వడం, మిగతా పిల్లను పిల్లగానే ఉండనివ్వడం.

మన మండలాల్లో ప్రాథమిక పాఠశాల, జిల్లా పరిషత్ హైస్కూలు ఒకే ఆవరణలోనో, పక్కపక్కనో ఉండటం కొత్తేం కాదు. లెక్కల పీరియడ్ రెండుచోట్లా ఒకే సమయానికి పెడితే, మూడో తరగతి పిల్ల ఆ నలభై నిమిషాలు పై తరగతిలో కూర్చుని రావచ్చు. రిజిస్టర్లో పేరు మారనక్కర్లేదు. తెలుగు పాఠానికి, ఆటలకు, మధ్యాహ్న భోజనానికి తన జట్టు దగ్గరికే తిరిగొస్తుంది. పనికిరాకపోతే నెల తర్వాత ఆపేయొచ్చు, ఎవరికీ అవమానం లేదు. అయితే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. పై తరగతి పుస్తకంలోంచి, కోచింగ్ లేకుండా, తెలియని లెక్క ఇచ్చి చూడాలి. ఆ పిల్లకు పోవాలనుందో లేదో ఆమెనే అడగాలి. అమ్మానాన్నల ముచ్చట కోసం జరిపిన పిల్లకు, సంజీవరాయశర్మ గారికి దొరికినట్టే, చప్పట్లు మాత్రమే దొరుకుతాయి.

ఇందులో ఇంకో లాభం ఉంది, దాన్ని మనం పూర్తిగా మరిచిపోయాం. వీధిబడిలో ముందున్న పిల్లవాడే వెనకున్నవాడికి చెప్పేవాడు. చెప్తూ తానూ గట్టిపడేవాడు. తెలివైన పిల్లను పరీక్ష పెట్టి ఏరి వట్టెం పంపినప్పుడు, అప్పు చేసి హైదరాబాద్ పంపినప్పుడు, ఆమెకు మంచే జరగొచ్చు. కానీ ఊరి బడిలో ఆమె పక్కన కూర్చుని గుణకారం నేర్చుకోవాల్సిన ఇద్దరు ముగ్గురు పిల్లల సంగతి ఏ నివేదికా రాయదు. వాళ్లు పోగొట్టుకున్నది ఒక స్నేహితురాలిని మాత్రమే కాదు, ఒక చిన్న టీచరును.

సర్వేల్‌ను, నవోదయను వద్దనడానికి ఇదంతా రాయలేదు. ఊళ్లో బడి ఏమీ ఇవ్వలేనప్పుడు దూరం పోవాల్సిందే. పాలమూరు వాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. వేగానికి దూరమే మొదటి జవాబు కాకూడదన్నదే మాట. ఇల్లు వదిలే ముందు పక్క గది తలుపు తట్టి చూడాలి. వీలైతే ఆ పిల్ల లెక్కల కోసం నడవాల్సిన దూరం బడి వరండా పొడవంత ఉంటే చాలు.